నాన్న నీలగిరి కర్ర నుంచి ఒక్క కాగితం: ప్రాజెక్టు డైరీ

నవంబర్ 9, ఆదివారం

మాది గుణుపురం, ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార పక్కనే. నాది బస్టాండు దగ్గర జెరాక్స్ షాపు, కాలేజీ పిల్లలు ఎక్కువ కాబట్టి రోజుకి రెండు మూడు రీములు ఖర్చవుతాయి. నాన్నకి ఊరవతల ఎకరంన్నర మెట్ట ఉంది, అందులో నీలగిరి వేశాడు, మా చుట్టాలు జామాయిల్ అంటారు దాన్నే. నాలుగైదేళ్ళకోసారి కొట్టి బెరడు ఒలిచి లారీకెత్తిస్తాడు, మోడు నుంచి మళ్ళీ చిగురొస్తుంది, మళ్ళీ పెంచుతాడు. పోయిన నెల కొట్టించాం. డబ్బులు తీసుకుని నాన్న నేరుగా షాపుకొచ్చి కూర్చుని, కొత్త రీము ఒకటి చేత్తో ఎత్తి చూసి, "ఒరే బావూ, మన కర్రేనేటిరా ఇది? ఇంత తెల్లగా ఎలాగవుద్ది?" అన్నాడు.

నేను పద్నాలుగేళ్ళుగా కాగితం అమ్ముతున్నా, ఆయన ఇరవై ఏళ్ళకి పైగా కర్ర అమ్ముతున్నాడు, మధ్యలో ఏం జరుగుతుందో మా ఇద్దరికీ తెలీదు. మిల్లులో ఉడకబెడతారు నాన్నా అన్నాను, అంతకంటే నాకు రాలేదు. ఆ రోజు నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. అందుకే మొదలుపెట్టా, నాన్న తోటలో కర్రతో, మా పెరట్లో, ఒక్క ఏ4 కాగితం తయారుచెయ్యాలి, ఆయన చేతిలో పెట్టాలి. రాసి పెట్టుకోకపోతే మర్చిపోతా కాబట్టి ఈ డైరీ.

ముందు లెక్క వేసుకున్నా. ఒక చదరపు మీటరులో దాదాపు పదహారు ఏ4 కాగితాలు. మేం వాడేది 75 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు, ఆ లెక్కన ఒక్కో కాగితం 4.7 గ్రాములు, 500 కాగితాల రీము 2 కిలోల 340 గ్రాములు. మిల్లులో బాగా ఉడికించి తెల్లగా చేస్తే ఎండు కర్రలో సగం కంటే తక్కువే గుజ్జుగా మిగులుతుంది, 45 శాతం వేసుకుంటే రీముకి 5 కిలోల పైన ఎండు కర్ర. పచ్చి కర్రలో దాదాపు సగం నీళ్ళే, అంటే పచ్చిగా తూస్తే పది కిలోలు. కాగితంలో సున్నపురాయి పొడి లాంటివి కూడా కలుపుతారు కాబట్టి అసలు దానికంటే తక్కువే పడుతుంది. నాన్నకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ఒక చెట్టుకి ఎన్ని కట్టలు" అని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నవంబర్ 12, బుధవారం

మొదటి ప్రయత్నం పోయింది. అనుకున్నది ఏంటంటే, కర్రని నరకడం ఎందుకు, సామిల్లులో రంపపు పొట్టు బస్తాల లెక్కన పడుంటుంది కదా అదే తెచ్చుకుందాం అని. సామిల్లు బాబాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు. బట్టల సోడా వేసి మూడు గంటలు ఉడకబెట్టి జల్లెడలో వంచితే తవుడు ముద్దలా వచ్చింది, గుడ్డ మీద పరిచి ఎండబెడితే అప్పడంలా కనిపించింది గానీ ఎత్తగానే పొడి పొడి అయిపోయింది.

ఎందుకు అని కూర్చుని చదివితే విషయం పీచు పొడవులో ఉంది. నీలగిరి లాంటి చెట్లలో పీచు పొడవే ఒక మిల్లీమీటరు లోపు, చలిదేశాల పైన్ చెట్లలో అయితే మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ ఉన్న చిన్న పీచుని రంపం అడ్డంగా ముక్కలు ముక్కలు చేసేస్తుంది, ఇంక అల్లుకోవడానికి ఏముంటుంది. పైగా బట్టల సోడాకి కర్రలో జిగురు కరగదు.

ఆ జిగురు పేరు లిగ్నిన్. మా తాతల నాటి మట్టిగోడ గుర్తు తెచ్చుకుంటే సులువుగా అర్థమైంది. గోడ మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు కదా, గడ్డి పట్టి ఉంచుతుంది, మట్టి గట్టిపరుస్తుంది. కర్రలో గడ్డి లాంటిది సెల్యులోజు పీచు, అది 40 నుంచి 45 శాతం ఉంటుంది, మట్టి లాంటిది లిగ్నిన్, అది 20 నుంచి 30 శాతం, మిగతాది ఎక్కువగా హెమీసెల్యులోజు. కాగితానికి గడ్డి కావాలి, మట్టి పోవాలి, కానీ మట్టి పోగొట్టేటప్పుడు గడ్డి తెగకూడదు. కాగితం మిల్లు చేసే పని మొత్తం నాకు ఈ ఒక్క వాక్యంలోనే ఉందనిపించింది.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ చేసిన తప్పు ఎవరూ చెయ్యకూడదని వివరంగా రాస్తున్నా.

కాస్టిక్ సోడా పలుకులు తెచ్చా, సబ్బులు చేసేవాళ్ళకి అమ్మే షాపులో దొరుకుతాయి. చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్ళజోడు, అన్నీ పెట్టుకున్నా, నీళ్ళలోకి పలుకులు కొంచెం కొంచెం వెయ్యాలి, పలుకుల మీద నీళ్ళు పొయ్యకూడదు అని కూడా తెలుసు. తెలీనిది ఒక్కటే, గిన్నె. అటక మీద పాత సిల్వర్ డేగిసా ఉంటే అది దించా. మేమంతా సిల్వర్ అంటాం గానీ అది అల్యూమినియం. కాస్టిక్ నీళ్ళు పోసిన నిమిషానికి గిన్నె అడుగు నుంచి సన్నగా బుడగలు, తర్వాత పాలు పొంగినట్టు నురగ, గిన్నె పట్టుకోలేనంత వేడి, లోపలంతా నల్లగా మారిపోతోంది. కింద పొయ్యి ఇంకా వెలిగించలేదు, అదే అదృష్టం, ఎందుకంటే ఆ బుడగలు హైడ్రోజన్, మంట తగిలితే అంటుకుంటుంది. మా ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది, నేను దూరంగా నిలబడి పైపుతో నీళ్ళు కొడుతూనే ఉన్నా. చల్లారాక చూస్తే డేగిసా అడుగు చేటలా పలచబడిపోయింది, ఎండకి పట్టి చూస్తే ఒక చోట సూది మొనంత వెలుతురు కనిపించింది.

స్టీలు గిన్నె మాత్రమే. ఇనుము కూడా పరవాలేదు. సిల్వర్ వద్దే వద్దు.

నవంబర్ 19, బుధవారం

కర్ర తయారీ. వ్యాపారి తీసుకోని సన్న మొనలు తోటలో పడి ఉన్నాయి, మణికట్టు లావు ఉన్నవి నాలుగు తెచ్చా. బెరడు నాన్నే ఒలిచాడు, పచ్చిగా ఉన్నప్పుడు ఒలిస్తే అరటి తొక్కలా వచ్చేస్తుంది, వారం ఎండితే కత్తికి లొంగదు అంటాడు. కోసిన రోజే తూకం వేయించాలని ఆయన ఎందుకు అంత కంగారు పడతాడో కూడా ఇప్పుడే బాగా అర్థమైంది, రోజూ కర్రలోంచి పోయే నీళ్ళు ఆయన జేబులోంచి పోతున్నట్టే. బెరడు తియ్యకపోతే కాగితంలో నల్ల మచ్చలు వస్తాయి, అందుకే మిల్లులు ఒలిచిన కర్ర అడుగుతాయి.

వడ్రంగి బాబాయ్ దగ్గర కూర్చుని, నిలువుగా చీల్చి, రెండంగుళాల పొడవు, అగ్గిపుల్ల మందం పుల్లలుగా చేయించా. మిల్లులో చిప్పర్ అని మిషను ఉంటుంది, అది రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేస్తుంది. మాకు మిల్లులోలా ప్రెషర్ పెట్టి ఉడికించే వీలు లేదు కాబట్టి ఇంకా సన్నగా ఉంటేనే కాస్టిక్ మందు లోపలికి దిగుతుంది. ఎండబెట్టి తూస్తే 2 కిలోలు.

చెట్టు పెంపకం గురించి కూడా ఒక ముక్క. మా జిల్లాలోనే జేకేపూర్లో 1962 నుంచి పేపర్ మిల్లు ఉంది, అప్పటికి రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోదే, వేరే జిల్లా అయింది 1992లో. ఆ రోజుల్లో దేశంలో మిల్లులకి ముఖ్యంగా అడవి వెదురే ఆధారం. తర్వాత 1988 జాతీయ అటవీ విధానం వచ్చింది, ఫ్యాక్టరీలు తమకి కావాల్సిన కర్ర రైతులతో పెంచించుకుని వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి అని అందులో ఉంది. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ రైతుల పొలాల్లోకి ఇంతలా రావడం వెనక అదొక పెద్ద కారణం. నాన్నకి ఈ విధానాల సంగతి తెలీదు, పక్క చేను వాళ్ళు వేశారు, నీళ్ళు పెట్టక్కర్లేదు అన్నారు, వేశాడు.

నవంబర్ 21, శుక్రవారం

ఇవాళ మందు పెట్టా. ఎండు కర్ర 2 కిలోలకి కాస్టిక్ 400 గ్రాములు, అంటే కర్రలో ఇరవై శాతం, నీళ్ళు 14 లీటర్లు. స్టీలు డ్రమ్ములో పుల్లలు వేసి పైన రాయి పెట్టా, రెండు రోజులు ఊరికే నాననివ్వాలి. గట్టి కర్రలకి చల్లని కాస్టిక్‌లో నానబెట్టి తర్వాత మిషనులో నూరే పద్ధతి నిజంగానే ఒకటి ఉంది, కోల్డ్ సోడా అంటారు, ఆ ధైర్యంతోనే ఈ దారి పట్టా.

అసలు నాకు ఉన్న పెద్ద అడ్డంకి వేడి. మిల్లులో డైజెస్టర్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో 165, 170 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. మనం పొయ్యి మీద 100 దాటలేం. తేడా డెబ్బై డిగ్రీలే కదా అనుకున్నా, కానీ దానికి వాళ్ళు వాడే ఒక లెక్క ఉంది, హెచ్ ఫ్యాక్టర్ అంటారు, 100 డిగ్రీల దగ్గర లిగ్నిన్ కరిగే వేగం ఒకటి అనుకుంటే 170 దగ్గర సుమారు 900. అంటే అక్కడ గంటలో అయ్యే పని నా పొయ్యి మీద 900 గంటలు, నెల దాటి ఒక వారం పైన, రాత్రింబవళ్ళు మంట ఆగకుండా. చదివాక చాలాసేపు మనసు పాడైపోయింది.

ప్రెషర్ కుక్కర్ పెడితే 120 డిగ్రీల దాకా వస్తుంది, అదే లెక్కలో సుమారు తొమ్మిది రెట్లు వేగం, ఆశ పుట్టింది. మా ఆవిడ, నాన్న ఇద్దరూ కలిసి ఆపారు. వాళ్ళదే రైటు. పీచు వెళ్ళి విజిల్ రంధ్రంలో అడ్డం పడితే లోపల ఉన్నది మరిగే కాస్టిక్, చాలా కుక్కర్లు అల్యూమినియంవే, స్టీలు కుక్కరైనా అందులో ఏ వాల్వు దేంతో చేశారో మనకి తెలీదు. ఇంట్లో ఎవరూ కుక్కర్లో కాస్టిక్ పెట్టొద్దు.

అందుకని లిగ్నిన్ మొత్తం తీసే ఆశ ఒదిలేశా. సగం తీస్తా, మిగతా సగం దంచి విడదీస్తా.

నవంబర్ 25, మంగళవారం

ఆది, సోమ, మంగళ మూడు రోజులు, రోజుకి ఆరు గంటలు మరిగించా, పెరట్లో కట్టెల పొయ్యి మీద, మూత కొంచెం తీసి, ఇగిరినప్పుడు వేడినీళ్ళు పోస్తూ. షాపు కుర్రాడికి అప్పజెప్పి మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉన్నా. మొదటి రోజు నీళ్ళు టీ రంగు, రెండో రోజు కాఫీ డికాక్షన్, మూడో రోజు చిక్కటి నలుపు, గరిటె ముంచి తీస్తే గరిటె కనపడదు. వాసన తడి కర్ర, సబ్బు కలిసినట్టు. మిల్లుల దగ్గర వచ్చే కుళ్ళిన కోడిగుడ్డు వాసన రాలేదు, అది క్రాఫ్ట్ పద్ధతిలో గంధకం కలిసిన మందు వాడతారు కాబట్టి వస్తుంది. ఆ పద్ధతి 1879లో కార్ల్ డాల్ అనే ఆయన కనిపెట్టాడు, క్రాఫ్ట్ అంటే జర్మన్ భాషలో బలం, గంధకం ఉంటే లిగ్నిన్ త్వరగా కరుగుతుంది, పీచు తక్కువ దెబ్బతింటుంది, కాగితం గట్టిగా వస్తుంది. ఇంట్లో దాని జోలికి పోకూడదు, ఆ వాయువులు విషం.

మూడో రోజు సాయంత్రం ఒక పుల్ల తీసి కడిగి, రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే విరగలేదు, మునక్కాడ నమిలాక మిగిలే పిప్పిలా నిలువుగా విడిపోయింది. అక్కడే కూర్చుండిపోయా. కర్ర కర్రలా లేదు. నాన్నని పిలిచి ఆయన వేళ్ళ మధ్య పెట్టా. "మెత్తబడిపోనాదే" అన్నాడు, అని ఇంకోటి తీసుకుని అదీ నలిపాడు, తర్వాత ఇంకోటి.

నవంబర్ 27, గురువారం

కడగడం. ఇది అనుకున్నదానికంటే పెద్ద పని. పుల్లల్ని పాత దోమతెర సంచిలో కట్టి బకెట్లలో మార్చి మార్చి కడిగా, మొత్తం పద్నాలుగు బకెట్లు. కాస్టిక్ పోయిందో లేదో చూడ్డానికి పీహెచ్ పేపర్ మా ఊళ్ళో దొరకలేదు, అమ్మ చెప్పింది పసుపు వేసి చూడమని. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా, అదే సూత్రం, క్షారం ఉంటే పసుపు ఎర్రబడుతుంది. చిన్న గ్లాసులో కడిగిన నీళ్ళు తీసి చిటికెడు పసుపు వేస్తే మొదటి బకెట్టుకి పచ్చి నెత్తురు రంగు, ఆరో దానికి ఇటుక రంగు, పదో దానికి నారింజ, పద్నాలుగో దానికి పసుపు పసుపులాగే ఉంది. గ్లాసులన్నీ వరసగా గట్టు మీద పెట్టా, ఎండలో ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి చాలా అందంగా ఉన్నాయి, మావాడు ఫోటో తీసి స్కూల్లో సైన్సు మాస్టారికి చూపిస్తానన్నాడు.

ఇక ఆ నల్ల నీళ్ళ సంగతి. కాలవలో పోస్తే నేరుగా వంశధారకి పోతుంది, పోయలేను. మిల్లులో ఈ నల్ల ద్రావకాన్ని చిక్కగా మరిగించి బాయిలర్లో తగలబెడతారు, లిగ్నిన్ మండి ఆవిరి, కరెంటు వస్తాయి, మిగిలిన ఉప్పు నుంచి సున్నం సాయంతో కాస్టిక్ మళ్ళీ తయారుచేసుకుంటారు. కర్ర నుంచి తీసేసిన మట్టే కర్రని ఉడికించే మంట అవుతుంది, నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. మన దగ్గర అది లేదు. అందుకని చల్లారాక, ప్లాస్టిక్ డ్రమ్ములో, ఆరుబయట, బాత్రూం యాసిడ్ చుక్కలు చుక్కలుగా వేస్తూ కర్రతో కలుపుతూ పోయా, చాలా నెమ్మదిగా. ఒక దశ దాటాక నల్ల నీళ్ళు ఒక్కసారి చిక్కటి చాక్లెట్ రంగుకి మారి పాలు విరిగినట్టు విరిగాయి. రాత్రంతా ఉంచితే పొద్దున్నకి పైన లేత గోధుమరంగు నీళ్ళు, అడుగున గోధుమరంగు బురద. అదే లిగ్నిన్. గుడ్డలో వడకట్టి ఎండబెట్టా, ఒక సీసాలో పెట్టి షాపులో రీముల పక్కన ఉంచా. తెల్ల కాగితంలో ఉండనిది ఇదే అని అడిగినవాళ్ళకి చెప్తున్నా. పై నీళ్ళలో యాసిడ్ గానీ కాస్టిక్ గానీ మిగలకుండా చేసి, ఇసుక గొయ్యిలో ఇంకబెట్టా. ఇంకో బ్యాచ్ చేస్తే దీనికి ఇంకా మంచి దారి వెతకాలి, ఇది నాకు తృప్తిగా లేదు.

నవంబర్ 30, ఆదివారం

దంచడం. పెరట్లో వాడకుండా పడున్న పాత రోలు, రోకలి. వంట రోలు కాదు, మందు తగిలింది మళ్ళీ తిండికి పనికిరాదు. పిడికెడు పిడికెడు వేసి గంటన్నర దంచా, భుజాలు పడిపోయాయి. తర్వాత పాత సామాన్ల షాపులో కొన్న మిక్సీలో నీళ్ళు ఎక్కువ పోసి కొంచెం కొంచెం తిప్పా. గాజు గ్లాసు నీళ్ళలో చిటికెడు గుజ్జు వేసి కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే మబ్బులా తేలుతోంది, మధ్యలో విడిపోని పుల్లలు ముళ్ళలా కనపడుతున్నాయి. ఆ పుల్లల్ని జల్లెడలో ఏరి మళ్ళీ దంచాలి.

ఎండు లెక్కన తూస్తే గుజ్జు 1 కిలో 300 గ్రాములు, అంటే 65 శాతం. మిల్లు లెక్కన 900 గ్రాములే రావాలి. ఎక్కువ వచ్చిందని సంతోషపడే విషయం కాదు, ఆ ఎక్కువలో చాలా భాగం పోవాల్సిన లిగ్నినే.

మా షాపు షట్టర్ పైన కందిరీగలు గూడు పెట్టాయి. ఇన్నాళ్ళూ కర్రతో కొట్టేద్దామనుకునేవాణ్ణి. 1719లో ఫ్రాన్సులో రియోమ్యూర్ అనే శాస్త్రవేత్త ఈ గూళ్ళు చూసే చెప్పాడట, కందిరీగ కర్రని నమిలి కాగితం చేస్తోంది, గుడ్డపేలికలు లేకుండా మనమూ చెయ్యొచ్చు అని. అప్పటిదాకా అక్కడ కాగితమంతా పాత గుడ్డలతోనే. ఆ మాట తర్వాత నూరేళ్ళు దాటాక, 1844 ప్రాంతంలో జర్మనీలో కెల్లర్, కెనడాలో ఫెనర్టీ ఎవరికి వారు కర్రని నూరి గుజ్జు తీశారు. గూడు దగ్గరగా చూశా, బూడిద రంగు, చారలు చారలుగా, ఒక్కో చార ఒక్కో నోటి ముద్ద. కొట్టలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

అచ్చు. పాత ఫోటో ఫ్రేము రెండు, ఒకదానికి జాలి బిగించి, రెండోది పైన పెడితే అంచు. మొదట దోమల జాలి కొట్టా, నీళ్ళు పడగానే మధ్యలో ఉయ్యాలలా కుంగింది, కాగితం మధ్యలో మందం, అంచుల్లో పల్చన. పర్లాకిమిడి నుంచి పిండి జల్లెడకి వేసే స్టీలు జాలి తెప్పించి బిగుతుగా మేకులు కొట్టా, కింద రెండు అడ్డపట్టీలు వేశా.

పిల్లల స్నానాల టబ్బులో 20 లీటర్ల నీళ్ళు, అందులో ఎండు లెక్కన 100 గ్రాముల గుజ్జు, అంటే నూటికి అర. ఫ్రేము నిలువుగా దించి, అడుగున పడుకోబెట్టి, సమంగా పైకి ఎత్తాలి, ఎత్తుతూనే ముందుకీ వెనక్కీ పక్కలకీ చిన్నగా ఊపాలి, అమ్మ బియ్యంలో రాళ్ళు చేటతో తీసేటప్పుడు ఊపినంత తేలికగా. ఆ ఊపులో పీచు నాలుగు దిక్కులా పడుకుంటుంది. నీళ్ళు కారుతున్న చప్పుడు ఆగిపోయే లోపు ఊపడం ఆపెయ్యాలి, తర్వాత కదిలితే ముడతే.

మొదటి ఏడు పోయాయి. తడి గుడ్డ మీదకి తిప్పి బోర్లించేటప్పుడు సగం జాలికే అంటుకుపోయింది. ఎనిమిదోది నాన్న పాత పంచె ముక్క మీద దిగింది. పైన ఇంకో ముక్క, పైన చెక్క, దాని మీద ఇటుకలు పన్నెండు. రెండు గంటలాగి గుడ్డతో సహా షాపు అద్దం మీద అతికించి గుడ్డ లాగేశా.

డిసెంబర్ 9, మంగళవారం

ఆరింది. అద్దం వైపు నున్నగా, గుడ్డ వైపు నేత గుర్తులతో. రంగు బెల్లం రంగు. పట్టుకుంటే అట్టలా బిరుసు, మడిస్తే మడత దగ్గర విరిగింది. కాగితం కాదు ఇది.

మా బావ సలహా, కొంచెం పాత గుడ్డ గుజ్జు గానీ వెదురు గుజ్జు గానీ కలిపెయ్యి, పీచు పొడుగు కాబట్టి గట్టిగా వస్తుంది అని. నిజమే, మిల్లులు కూడా రకరకాల గుజ్జులు కలుపుతాయి. కానీ నాన్న అడిగింది మన కర్రేనా అని. అందులో వేరేది కలిపితే ఆ ప్రశ్నకి జవాబు అవదు. కలపలేదు.

డిసెంబర్ 14, ఆదివారం

తేడా ఎక్కడుందో దొరికింది, దంచడంలోనే. పీచు విడిపోతే చాలనుకున్నా, చాలదు. నీళ్ళలో ఉండగా పీచుని నలుపుతూ ఉంటే దాని పైపొర నూగులా లేచి, పీచు మెత్తబడి చదునవుతుంది, ఆరేటప్పుడు ఒక పీచు నూగు ఇంకో పీచు నూగుని తాకి హైడ్రోజన్ బంధాలు అనే చిన్న చిన్న చేతులతో పట్టుకుంటుంది. జిగురేమీ వెయ్యకుండా కాగితం నిలబడేది ఆ పట్టుతోనే. కాగితం తడిస్తే ఎందుకు విడిపోతుందో దానికి కారణం కూడా ఇదే, నీళ్ళు ఆ చేతుల మధ్య దూరిపోతాయి.

అందుకని మళ్ళీ రోలు దగ్గర కూర్చున్నా. ఈసారి నాన్న, నేను, షాపు కుర్రాడు వంతులేసుకుని నాలుగు గంటలు, తడి ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ. కుర్రాడు వాళ్ళ భాషలో ఏదో దంపుడు పాట ఎత్తుకున్నాడు, నాన్న తెలుగులో ఇంకోటి. గుజ్జు చేతికి తగిలే తీరు మారిపోయింది, ముందు రవ్వలా ఉండేది ఇప్పుడు వెన్న తీసే ముందు మీగడలా జారుతోంది. ఫ్రేము ఎత్తితే నీళ్ళు దిగడం ఇంతకుముందు పది లెక్కపెట్టేలోపు అయిపోయేది, ఇప్పుడు నలభై పట్టింది. మరీ ఎక్కువ దంచినా ఇబ్బందే, నీళ్ళు దిగవు, కాగితం ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది.

డిసెంబర్ 16, మంగళవారం

మడిచా, విరగలేదు. విదిలిస్తే చప్పుడొచ్చింది. ఆ చప్పుడు నాకు తెలుసు, రోజూ వినేదే, కొత్త కాగితం ట్రేలో పెట్టేముందు విదిలిస్తే వచ్చే చప్పుడు.

పన్నెండు వచ్చాయి పనికొచ్చేవి. తూస్తే ఒక్కోటి 8 నుంచి 9 గ్రాములు, అంటే 130, 140 జీఎస్ఎమ్, పెళ్ళికార్డు మందం. పల్చన చెయ్యాలంటే చెయ్యి ఇంకా కుదరాలి.

డిసెంబర్ 21, ఆదివారం

పెన్నుతో రాస్తే సిరా పాకింది, అక్షరం చుట్టూ గడ్డం మొలిచినట్టు. గంజి పెట్టాలి. గంజి పల్చగా వార్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పళ్ళెంలో పోసి, కాగితం ఒక అంచు నుంచి దించి ఇంకో అంచు నుంచి తీసి మళ్ళీ అద్దం మీద ఆరబెట్టా. తర్వాత నున్నటి గాజుగ్లాసు అడుగుతో రుద్దా. సిరా ఆగింది. ఒకప్పుడు మిల్లుల్లో సిరా పాకకుండా రోజిన్ అనే పైన్ చెట్టు బంక, పటిక వాడేవాళ్ళు, 1807లో ఇల్లిగ్ అనే ఆయన చెప్పిన పద్ధతి, కానీ పటిక వల్ల కాగితంలో పులుపు చేరి ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసైపోతుంది. మా తాత దాచిన పాత పుస్తకాలు తిరగేస్తే అంచులు పొడిగా రాలడం వెనక ఇది చాలా ఉంది. ఇప్పుడు ఎక్కువగా ఆ పద్ధతి మానేశారు.

తెలుపు కోసం మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతంది తెచ్చి, రవ్వంత సోడా కలిపి, పిడికెడు గుజ్జు వేడినీళ్ళలో రెండు గంటలు ఉంచా. బెల్లం రంగు గోధుమపిండి రంగుకి వచ్చింది. అంతకంటే పోలేదు. ఇది లిగ్నిన్‌ని తియ్యదు, దాని రంగు మాత్రం తగ్గిస్తుంది.

ఆ మాట నిజమో కాదో చూద్దామని తెల్లబరిచిన కాగితం మీద రూపాయి బిళ్ళ పెట్టి, పక్కన మా షాపు కాగితం ముక్క, న్యూస్‌పేపర్ ముక్క కూడా పెట్టి, వాటి మీద కూడా బిళ్ళలు పెట్టి, డాబా మీద ఎండలో ఉంచా.

డిసెంబర్ 31, బుధవారం

పది రోజుల తర్వాత బిళ్ళలు తీశా. న్యూస్‌పేపర్ మీద గుండ్రంగా తెల్ల చంద్రుడు, చుట్టూ పచ్చబడింది, ఎందుకంటే న్యూస్‌పేపర్ ఎక్కువగా కర్రని నూరి చేసేదే, లిగ్నిన్ అంతా అందులోనే ఉంటుంది. మా కాగితం మీద కూడా అలాగే చంద్రుడు, కొంచెం మసకగా. షాపు కాగితం మీద బిళ్ళ ఎక్కడ పెట్టానో కూడా తెలీలేదు. 170 డిగ్రీల విలువ ఏంటో ఈ మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వాటిని అలాగే అట్టకి అతికించి షాపులో తగిలించా.

జనవరి 4, ఆదివారం

పన్నెండిట్లో బాగున్నది ఒకటి తీసి నాన్నకిచ్చా. అంచులు కత్తిరించబోతే వద్దన్నాడు. వెలుతురుకి పట్టి చూశాడు, ఒక మూల విడిపోని పుల్ల ఒకటి ఉంది, వేలితో తడిమి, "ఇది మొవ్వు దగ్గర కర్రై ఉంటాది" అన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు, ఆయనకి తెలుసు.

మా నాన్న ఒడియా బడిలో చదివాడు, బ్యాంకులో సంతకం ఒడియాలోనే పెడతాడు, తెలుగు తాత దగ్గర నేర్చుకున్నాడు, లెక్కలు మాత్రం తెలుగులో రాసుకుంటాడు. ఆయనకో అలవాటుంది, కొట్టిన ప్రతిసారీ లారీ తూకాలు చిన్న పుస్తకంలో రాస్తాడు, ఆ పుస్తకం అట్టలు ఊడిపోయి ఉన్నాయి. లోపలికెళ్ళి అది తెచ్చి, ఇరవై ఏళ్ళ తూకాలూ ఒక్కొక్కటే ఈ కాగితం మీదకి ఎక్కించడం మొదలుపెట్టాడు. బాల్ పెన్ను గుడ్డ వైపు కొంచెం గీసుకుపోతోంది, తిప్పి అద్దం వైపు రాసుకో నాన్నా అంటే తిప్పాడు. అరగంట పట్టింది. కింద కొంచెం చోటు మిగిల్చాడు, మోడులు మళ్ళీ చిగురేశాయి కదా, వాటి తూకానికి.

రెండో బ్యాచ్‌కి పుల్లలు నిన్ననే నానబెట్టా, ఈసారి 3 కిలోలు, కాస్టిక్ 600 గ్రాములు, నాననివ్వడం రెండు రోజులు కాదు ఐదు రోజులు. సంక్రాంతి లోపు ఉడకబెట్టడం అయిపోవాలి, పండక్కి బావావాళ్ళు వస్తారు, దంచడానికి చేతులు దొరుకుతాయి.